సీసామీది మాట

కోళ్లకిచ్చు మందుసీసాపై నొక యబద్ధము ముద్రింపబడినచో నది యెంతటి నేరము? ఈ ప్రశ్న వినినవారిలో ననేకులు చిరునవ్వు నవ్వుదురు. మనుష్యుల మందులలోనే మోసములు జరుగుచుండగా కోళ్లమందుల గొడవ యెవరికి కావలయును? హత్యల యభియోగములును భూముల తగవులును ఏండ్లతరబడి న్యాయస్థానములలో మూలుగుచుండగా, పది పెట్టలు చచ్చినవని యొక వర్తకుని బోనెక్కించుట న్యాయాధికారి కాలమును వ్యర్థపుచ్చుట కాదా? మా మిత్రులలో విద్యావంతులును దయగలవారును గూడ నిట్లే యనుచున్నారు. వారి మాటను మేము తేలికగా త్రోసివేయము. న్యాయస్థానముల కాలము నిజముగ విలువగలదే. కాని చచ్చిన కోడి వెలనుబట్టి అబద్ధము బరువును తూచుట సరియైన తూనిక కాదని మాకు తోచుచున్నది. ఏల కాదో యీ వ్యాసమున విచారింపదలచితిమి.

హైదరాబాదునుండి బొంబాయి బాటను పడమరగా పోవువారికి మొదట పటాన్‌చెరువును, ఆ పిదప పాశమైలారమునకు చీలు దారియు, మఱికొంత దూరమున సంగారెడ్డియు తగులును. 1960ల దశకమున హైదరాబాదులోని బాలానగరమున ప్రభుత్వమువారి ఔషధ కర్మాగారమగు ఐ.డి.పి.ఎల్. వెలసెను. అందు పని నేర్చినవారు పలువురు తరువాత స్వంత కర్మాగారములు పెట్టిరి. క్రమముగ పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు దేశదేశములకు పోవు మందులకు పుట్టినిండ్లయ్యెను. 2007లో స్వీడను దేశపు గోటెన్‌బర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన లార్సన్ మొదలగు పరిశోధకులు, ఇచ్చటి సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, అందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందున్నదని ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండు పాలుకంటె నది హెచ్చు! నీళ్లలో మందు పారిన యీ సీమయందే, కాలువకు నాలుగు క్రోసుల దూరమున నున్న పల్లెలో మందులేని సీసా మందుపేర అమ్ముడుపోవుటకు వీలున్నదనుట వింతగా తోచవచ్చును. కాని మందులు పుట్టుచోట మందుపేరుకు గౌరవము హెచ్చు. గౌరవమున్న పేరునే దొంగ యెరువు తెచ్చుకొనును. ఊరు పేరు లేని సరకునకు “పటాన్‌చెరువులో తయారైన” దన్న మాటయే చాలినంత సిఫారసు.

ఇపుడొక గృహిణిని తలచుకొందము. ఆమె యెవరో కాదు. 2016లో మెదకు జిల్లానుండి విడివడి తానే జిల్లాయైన యీ సంగారెడ్డి సీమలో ప్రతి పల్లెయందును అట్టివారు గలరు. పెరటిలో పండ్రెండు నాటుకోళ్లు. రాత్రి గంపక్రింద మూసి, తెల్లవారి విప్పి, నూకలు చల్లి, పొదిగించి, పిల్లలను గ్రద్దవాతబడకుండ కాచుకొని, గ్రుడ్లమ్మి బిడ్డల పుస్తకములకును దీపపు ఖర్చునకును కూడబెట్టుకొను సొమ్మది. భర్తను చేయిచాపి యడుగనక్కరలేని సొమ్మనగా నింటిలో నంతమాత్రమే. 2019 నాటి పశుగణనలో తెలంగాణమున సుమారు 8 కోట్ల కోళ్లు లెక్కకు వచ్చినవి. అందధికభాగము పెద్ద షెడ్లలోనివి యగుగాక. పండ్రెండే గలిగిన యిల్లాలికి పండ్రెండును కోట్లకంటె నెక్కువయే.

ఒకనాడొక పెట్ట రెక్కలు వ్రాల్చును. మఱునాడు రెండు పిల్లలు పచ్చగా పారుకొనును. ఒకదాని మెడ వంకర తిరుగును. అది కొక్కెర తెగులు. 1920ల దశకమున కుమావూ కొండలలోని రాణిఖేత్ నొద్ద గుర్తింపబడుటచే శాస్త్రజ్ఞులు మన దేశమున దానికి రాణిఖేత్ వ్యాధి యని పేరు పెట్టిరి. ఈ తెగులు రాకుండ టీకా వేయవచ్చును. వచ్చిన పిదప దానిని కుదుర్చు మందు ప్రపంచమున నెచటను లేదు. ఇది పశువైద్యులెల్లరు నెఱిగిన సంగతి. ఆ యిల్లాలికి తెలియదు. ఆమె అంగడికి పోవును. అచట నొక సీసా యుండును. దానిపై మిసమిసలాడు పుంజు బొమ్మ. క్రింద “కొక్కెర, పారుడు, గురక, సర్వరోగములకు” అని పెద్ద యక్షరములు. ఆమె కొని తెచ్చి నీళ్లలో కలిపి పోయును. ఆరు కోళ్లు చచ్చును, ఆరు బ్రదుకును.

ఇచటనే యీ మోసము యొక్క ప్రత్యేకత యున్నది. పుచ్చువంకాయ కోసినంతనే తెలియును. చిరిగిన కోక విప్పినంతనే తెలియును. నూనెలో కల్తీ గూడ కొంతవరకు నాలుకకు తెలియును. మందులోని మోసము కంటికి తెలియదు, నాలుకకు తెలియదు, తుదకు అనుభవమునకు గూడ తెలియదు. ఏలయన, ఏ తెగులులోనైనను కొన్ని చచ్చును, కొన్ని బ్రదుకును. బ్రదికినవానిని చూపి “చూచితివా, మందు మహిమ” అని వర్తకుడు చెప్పగలడు. అన్నియు చచ్చినచో “అమ్మా, ఆలస్యముగా వచ్చితివి” అని యనగలడు. ఈ రెండు మాటలలో దేనిని ఆమె కాదనగలదు? కొనువాడే జాగ్రత్తపడవలెనన్న సంతనీతి, పరీక్షించుటకు శక్తిగలవానికి చెల్లును. పరీక్షించు దారియే లేనివానికి ఆ నీతి చెప్పుట, గ్రుడ్డివానిని గోతిలో ద్రోసి “చూచుకొని నడువవలదా?” అని మందలించుటతో సమానము. బజారు తన్ను తానే దిద్దుకొనునని చెప్పువారు, దిద్దవలసిన తప్పు బజారునకు కనబడునా యని మొదట విచారింపవలయును.

ఇట్టి చీటి యబద్ధములు రెండు తెగలు. మొదటిది, లేని గుణమును ఉన్నట్లు చెప్పుట. కుదురని తెగులును కుదుర్తునని చెప్పు సీసా యట్టిది. 2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖవారు, లేని కంపెనీ పేర అమ్మబడుచున్న కొన్ని మాత్రలను పట్టుకొని, అవి యాంటీబయాటిక్ మాత్రలని చీటిపై నున్నను లోపల సుద్దపొడియు గంజిపొడియు తప్ప మందు లేదని ప్రకటించిరి. అవి మనుష్యులు మ్రింగు మాత్రలు. ఒంట్లో బాగులేదని నోరువిప్పి చెప్పగల మనుష్యులకే యిట్లు జరిగినపుడు నోరులేని కోళ్ల మాట చెప్పవలయునా? కోడి నడిగి కారము నూరుదురా యని మన సామెత. మందు నూరుటలో గూడ నెవరును కోడి నడుగలేదు.

రెండవ తెగ యింకను సూక్ష్మమైనది. ఇందు ఉన్నదానిని లేనట్లు చెప్పుదురు. మందు తయారుచేయుటకు లైసెన్సు కావలయును. కోళ్లమేతలో కలుపు బలవర్ధకమునకు మందుల లైసెన్సు అక్కరలేదు. కావున ముందువైపున రోగముల పేర్లును, దగ్గుచున్న కోడి బొమ్మయు ముద్రించి, వెనుకవైపున చీమకాళ్లవంటి యక్షరములలో “ఇది మేత; మందుగా వాడరాదు” అని చేర్చుట కొందరికి పరిపాటి. ద్రోణాచార్యుని యుద్ధమునుండి మరల్చుటకు ధర్మరాజు అశ్వత్థామ చచ్చెనని బిగ్గరగా చెప్పి, చచ్చినది యేనుగన్న మాటను మెల్లగా గొణిగెనని భారతకథ. అంతవరకు నేలకు నాలుగంగుళముల పైని నడచిన యాతని రథము అప్పుడు నేలకు దిగెనట. గొణిగిన మాట సత్యమే. ఐనను కథకుడాతని రథమును దింపక మానలేదు. వినబడవలెనని చెప్పిన మాటయు, వినబడకుండుటకై చెప్పిన మాటయు నొక్కటి కావని మన పూర్వులు గ్రహించిరి. చిన్న యక్షరములలో సత్యమును దాచిన చీటికి ఇంతకంటె తగిన యుపమానము మాకు కానరాదు.

ఈ రెండవ యబద్ధము పెరటిలో నాగిపోదు. మేతపేరు పెట్టుకొన్న సంచిలో యాంటీబయాటిక్ ఉన్నదనుకొందము. ఆహారముగా నుపయోగపడు జంతువుల మందుల చీటిపై, ఆ మందు వాడిన పిదప నెన్నిదినములు గ్రుడ్లను, పాలను, మాంసమును వాడరాదో వ్రాయవలెనని 2012లో ప్రభుత్వము నియమము చేసినది. ఆ గడువును శాస్త్రీయముగ నిర్ణయింపని మందులకు గ్రుడ్లు, పాల విషయమున కనీసము 7 దినములు, మాంసము విషయమున 28 దినములు ఆగవలయును. కొలిస్టిన్ అను మందు, మఱి యే మందును పనిచేయనపుడు మనుష్యులను బ్రదికించుటకు వైద్యులు దాచియుంచుకొన్నది. కావున 2019 జూలైలో దానిని కోళ్లకును, చేపలకును, మేతలోను వాడకుండ కేంద్రప్రభుత్వము నిషేధించెను. కాని చీటిపై “మేత” యని యుండగా ఏడు దినములు ఆగవలెనని రైతున కెవరు చెప్పుదురు? నిషిద్ధమైన మందు లోపల నున్నదని యాతడెట్లు గ్రహించును? ఆతడు నేటి గ్రుడ్లను నేడే యమ్మును. అంగడివాడు “మంచి గ్రుడ్లమ్మా” యని యిచ్చును. తల్లి “బలమురా, తిను” అని బిడ్డకు పెట్టును.

చదువరులు ఈ వరుసను ఒక్కసారి నిదానించి చూడవలెనని మా ప్రార్థన. రైతు అబద్ధమాడలేదు. గ్రుడ్లమ్మినవాడు అబద్ధమాడలేదు. బిడ్డకు పెట్టిన తల్లి అసలే యాడలేదు. ఐనను ఆ మువ్వురి నోట పలికినది అబద్ధమే. ఒక కర్మాగారపు గదిలో నెవడో వ్రాసిన వాక్యము, వ్రాసినవాని పేరైన నెఱుగని సత్యవంతుల నోట నుండి, వారి వారి ప్రేమయు నమ్మకమును తోడుచేసికొని, ఊరూర పలుకుచున్నది. సామాన్యమైన బొంకు చెప్పినవాని నోటితో ముగియును. విన్నవాడు చెప్పినవాని ముఖము చూచి శంకింపవచ్చును. చీటిమీది బొంకునకు ముఖము లేదు. అది మంచివారి ముఖములను తగిలించుకొని తిరుగును. కోడి వెల యెంతయో మాకు తెలియును. తల్లి నోట తెలియక పలికించిన అబద్ధమునకు వెల యెంతో చెప్పగలవారెవరు? మిత్రులు నవ్వుచు తూచిన నేరమున వారు మఱచిన బరువిది.

ఇందొక తత్త్వశాస్త్రపు చిక్కు గలదు. “ఈ మందు రోగమును కుదుర్చును” అనుట సంగతియా, అభిప్రాయమా? అభిప్రాయమైనచో నభిప్రాయమునకు శిక్ష యేమి? ఈ వాదము కేవలము మా యూహ కాదు. అమెరికాదేశమున 1906లో ఆహారౌషధముల చట్టము వచ్చెను. పుట్టకురుపును కుదుర్తునని చీటి యంటించి మందులమ్మిన జాన్సన్ అను వైద్యునిపై ప్రభుత్వము అభియోగము తెచ్చెను. 1911లో ఆ దేశపు సుప్రీముకోర్టు, సీసాలో నున్న పదార్థమేదో తప్పుగా చెప్పుటనే చట్టము నిషేధించినదిగాని, గుణమునుగూర్చిన మాటలను కాదని తీర్పు చెప్పెను. మఱుసటి యేడు, 1912లో, షెర్లీ సవరణమును తెచ్చి గుణమునుగూర్చిన కల్ల మాటలను గూడ నేరము చేసిరి. కాని మోసగింపవలెనన్న యుద్దేశ మున్నదని ప్రభుత్వమే ఋజువు చేయవలసియుండెను. మనస్సులోని యుద్దేశమును సాక్షులతో ఋజువుచేయుట యెంత కష్టమో చెప్పనక్కరలేదు. తుదకు 1938 చట్టముతో ఆ భారము తొలగెను. మనుష్యుల మందులకువలెనే పశువుల మందులకును ఆ చట్టములు వర్తించినవి.

మన దేశమున 1930లో నియమింపబడిన కర్నల్ చోప్రా సంఘము నకిలీమందుల బెడదను విచారించి 1931లో నివేదిక యిచ్చెను. దాని ఫలితముగ 1940లో ఔషధముల చట్టము పుట్టినది. ఆనాడు సంగారెడ్డి నిజామురాజ్యములోనిది. నేడు చట్టము దేశమంతటికి నొక్కటియే. ఈ చట్టమున మందనగా మనుష్యులదియే కాదు, జంతువులదియు. రోగమును కుదుర్చుటకుగాని రాకుండ జేయుటకుగాని యుద్దేశింపబడిన పదార్థమెల్ల మందే. కావున వెనుకవైపున “మేత” యని గొణిగినంతమాత్రమున తప్పించుకొనుటకు వీలులేదు. చీటిపైగాని, సీసాపైగాని, దానితోడి కాగితముపైగాని మందునుగూర్చి కల్ల మాటయైనను, తప్పుదారి పట్టించు బొమ్మయైనను ఉన్నచో అది దొంగచీటి మందని 17వ సెక్షను చెప్పుచున్నది. వ్రాసినవాని మనస్సులో నేమున్నదో ఆ నిర్వచనమునకు పట్టదు. చదువువానికి నేమి తెలిసినదో దానికి కావలయును. ఇది సరియైన నీతి యని మా విశ్వాసము. సీసాపై ముద్రించిన మాట యభిప్రాయము కాదు. అభిప్రాయము చెప్పువాడు “నాకిట్లు తోచుచున్నది, మీరును ఆలోచింపుడు” అనును, చీటి యట్లనదు. అది వెల పుచ్చుకొని చేసిన ప్రమాణము. “మా అవ్వ వెల్లుల్లియు పసుపును నూరి వేసెడిది, వేసి చూడుము” అని పొరుగింటి యిల్లాలు చెప్పుటలో మోసము లేనిదందుకే. ఆ మాట తప్పు కావచ్చును. కాని తన హద్దు తానెఱిగిన మాట. మేము శిక్ష కోరునది తెలియమిని కాదు, తెలియమిని అమ్మకపు సరకు చేసిన మాటను.

ఇక నాక్షేపణలు. శిక్ష పడునది చిన్న యంగడివానికే, పెద్ద కంపెనీవాడు తప్పించుకొనునని కొందరందురు. ఈ భయము నిరాధారము కాదు. కాని చట్టము దీనిని ముందే తలచినది. అమ్మినవాడు తాను సరకు కొన్నవాని పేరును, చిరునామాను తెలుపవలెనని 18ఏ సెక్షను. లైసెన్సుగలవానివద్ద కొని, తగిన శ్రద్ధ చూపియు దోషమును కనిపెట్టలేక, వచ్చిన స్థితిలోనే భద్రపరచి యమ్మినవాడు నిరపరాధి యని 19వ సెక్షను. ఇన్‌స్పెక్టరు అంగడిలో నమూనా తీసినపుడు దానిని నాలుగు భాగములు చేసి, ఒకటి అంగడివానికే యిచ్చి, ఒకటి ప్రభుత్వ విశ్లేషకునికి పంపి, ఒకటి న్యాయస్థానమునకును, ఒకటి సరకు నిచ్చినవానికిని చేర్చవలయును. విశ్లేషకుని నివేదికను ఎదుర్కొనదలచినవారికి 28 దినముల గడువున్నది. నేరస్థుడని తోచినవానికి గూడ తన భాగమును తానే పరీక్షింపించుకొను హక్కునిచ్చిన న్యాయమిది. ఆ యిల్లాలికి సీసావాడు ఇట్టి యవకాశమొక్కటియు నీయలేదు. బిల్లు లేకుండ, తెచ్చినవాని పేరెఱుగకుండ, చవుకయని కొనియమ్మిన యంగడివాడు మాత్రము “నేనేమెఱుగుదును?” అని తప్పించుకొనరాదు. తెలిసికొనకుండుట యాతనికి లాభసాటి యైనపుడు తెలియమి నిర్దోషమెట్లగును?

మఱియొక యాక్షేపణ నేటిది, బలమైనది. చిన్న నేరములకు జైలేల, జరిమానా చాలదా యని. దొంగచీటి నేరములు సామాన్యముగా 27వ సెక్షను (డి) ఖండము క్రిందికి వచ్చును. 2008 సవరణ ననుసరించి వానికి ఒకటి మొదలు రెండేండ్ల వరకు ఖైదును, 20,000 రూపాయలకు తక్కువకాని జరిమానాయును. 2023లో పార్లమెంటు చేసిన జన్ విశ్వాస్ చట్టము, ఈ ఖండము క్రింది నేరములను రుసుము చెల్లించి రాజీచేసికొనుటకు వీలు కల్పించెను. లైసెన్సులేక తయారుచేయుట, మందుపేర మఱొకటి యమ్ముట మొదలగు ఘోరమైన నేరములకు ఈ రాజీ వర్తింపదు. వానికి శిక్షలు మిక్కిలి కఠినములు. ముద్రణలో తేదీ తప్పినదనియో, ఒక యక్షరము జారినదనియో నిజాయితీగల తయారీదారుని ఏండ్లతరబడి కోర్టులచుట్టు త్రిప్పుట మాకును సమ్మతము కాదు. అట్టివానికి రాజీ మంచిదే. కాని ఆ యొక్క ఖండములోనే అక్షరపు జారుడును, “సర్వరోగములకు” అన్న నిండు బొంకును కలసియున్నవి. రెండవదానికి గూడ గదిలో కూర్చుండి సొమ్ము కట్టి రసీదు పుచ్చుకొని పోవుటయే పరిహారమైనచో, తెలివిగల వర్తకుడు ఆ సొమ్మును అచ్చుకూలితోపాటు ఖర్చులలో వ్రాసికొనును. అప్పుడది దండన కాదు, అబద్ధమునకు చెల్లించు సుంకము.

జరిమానా యన్నది మనకు క్రొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రము నాలుగవ యధికరణమున, ధాన్యము, నూనె, ఉప్పు, సుగంధములు, మందులు మొదలగువానిలో ఒకే వన్నె గల వేరొక పదార్థమును కలిపినవానికి 12 పణముల దండన విధించెను. ఆ యధికరణమునకు ఆయన పెట్టిన పేరు కంటకశోధనము, ముండ్లనేరుట. ముల్లు ఎంత పెద్దదని యెవరు నడుగరు. అది త్రోవలో నున్నదా యనియే యడుగుదురు. ఏరిన ముల్లును ఎల్లరు చూచునట్లు దూరముగా పారవేయవలయును. ఇందువలన మేము చేయు మనవి యిది. దొంగచీటి యబద్ధములలో, అచ్చు తప్పులు పోగా మిగిలినవి బహిరంగముగ న్యాయస్థానమున విచారింపబడవలయును. ఏ కారణముననైనను రాజీ యనుమతించినచో, సొమ్ముతోపాటు సత్యప్రకటనయును నిబంధన కావలయును: ఏ మందు, ఏ మాట కల్ల, ఏ యూళ్లలో నమ్మబడెను అను సంగతులను ఆ యూళ్లవారికి తెలుగులో, పెద్ద యక్షరములలో, ఆ మందమ్మిన యంగళ్లయందే ప్రకటింపవలయును. పాపమును నలుగురియెదుట చెప్పుకొనుటను మనుస్మృతి ప్రాయశ్చిత్తములలో నొకటిగా లెక్కించినది. వేయి సీసాలపై బిగ్గరగా పలికిన బొంకును ఒక దస్త్రములో గొణిగి దిద్దుట, ధర్మరాజు చేసిన పనిని తిరుగవేసి చేయుటయే. సత్యవంతుల నోట తెలియక పలికిన మాటను వారి నోటనే దిద్దించినపుడు గాని యా యబద్ధము చావదు.

శిక్ష చచ్చిన కోళ్లను బ్రదికింపదని మేమెఱుగుదుము. కోడి చచ్చినచో చట్టము ఇల్లాలి నష్టమును లెక్కించునుగాని కోడి బాధను లెక్కింపదనియు నెఱుగుదుము. నీళ్లలో చల్లగా మందు పోసిన చేతిని నమ్మి మెడ వంచి త్రాగిన ప్రాణికి మనము ఋణపడలేదా యన్న ప్రశ్నకు ఏ సెక్షనులోను సమాధానము లేదు. అది మన యంతఃకరణములోనే వెదకుకొనవలసినది. చట్టము చేయగలది చేతిలో నబద్ధము పెట్టినవానిని పట్టుకొనుట. ఆ చేతిని మేల్కొల్పుట మన పని.

కావున సోదరీమణులకును, గృహస్థులకును రెండు మాటలు. కొక్కెరకు మందు కొనవలదు. తెగులు రాకముందే ప్రభుత్వ పశువైద్యశాలలో నడిగి టీకా వేయింపుడు. మందు కొన్నపుడు బిల్లు నడుగుడు. జంతువుల మందుపై “మనుష్యులకు కాదు, జంతువుల చికిత్సకు మాత్రమే” యన్న యర్థముగల వాక్యమును, పెంపుడు జంతువు తల బొమ్మయు, లైసెన్సు సంఖ్యయు, తయారీ విభాగపు సంఖ్యయు, గడువు తేదీయు నుండవలయును. చదువురానివారికి ఇంటిలోని చదువుకొన్న బిడ్డ వానిని చదివి చెప్పవలయును. వాడిన దినమును గోడమీద వ్రాసి, గడువు తీరువరకు గ్రుడ్లను తినవలదు, అమ్మవలదు. అనుమానము కలిగినచో సీసాను పారవేయక దాచుడు. కొన్న మందును తగిన రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్షింపించుకొను హక్కు 26వ సెక్షనునుబట్టి సామాన్యునికిని కలదు. నష్టపడినవారు తామే న్యాయస్థానమున అభియోగము తెచ్చుటకు 32వ సెక్షను దారి విడిచినది. గ్రామమున పదిమంది స్త్రీలు సంఘముగా కూడి ఒక్క సీసానైన నిట్లు పరీక్షకు పంపినచో, ఆ వార్త అంగడి వీధికి చేరుట కొక పూటయైన పట్టదు.

మొదటి ప్రశ్నకు మరల వత్తము. కోళ్లమందు చీటిమీది యబద్ధము చిన్నదా, పెద్దదా? చెప్పినవాని లాభమునుబట్టి చూచిన చిన్నదే. సీసాకు నాలుగు రూకలు మిగులవచ్చును. కాని యది యెవరి నోటితో పలికినదో వారినుబట్టి చూచినచో, మన యిండ్లలో నింతకంటె పెద్ద యబద్ధము ప్రవేశించుట యరుదు. ఏలయన, బిడ్డకు గ్రుడ్డు నొలిచి పెట్టుచు “మంచిదిరా, తిను” అని మనము చెప్పిన మాటను నేటివరకు మనము మన మాటయే యనుకొనుచున్నాము. అది మరల మన మాట కావలెనన్నచో, దానిని మనకు తెలియకుండ మార్చినవానిని వెలుగులోనికి పిలిచి, నలుగురు వినగా ప్రశ్నింపవలయును. ఆ పిలుపునకే అభియోగమని పేరు.